డిజైర్ డీజిల్‌లో ట్యాపెట్ల చప్పుడు: పదహారూ మార్చాలంటున్నారు, మార్చాలా?

వాడపల్లి రోడ్డు, మిర్యాలగూడ:

అందరికీ నమస్కారం. నాది 2014 డిజైర్ డీజిల్. 1,74,000 కిలోమీటర్లు తిరిగింది. కిరాయికి నడుపుతాను. వారానికి నాలుగు రోజులు మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ వెళ్లి వస్తాను. ఎక్కువగా ఆసుపత్రులకు వెళ్లే పెద్దవాళ్లను తీసుకెళ్తాను. బండి ఆగితే నా ఇల్లు ఆగుతుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

పొద్దున సెల్ఫ్ కొట్టగానే రెండు మూడు సెకన్లు టిక్ టిక్‌మని వచ్చి ఆగిపోవడం రెండేళ్లుగా ఉంది. దాన్ని నేను పట్టించుకోలేదు. ఇప్పుడు వస్తున్నది వేరు. మూడు వారాలుగా బండి కొంత దూరం నడిచాక కొత్త చప్పుడు మొదలవుతోంది. మాడ్గులపల్లి టోల్ దగ్గర అద్దం దించితే ఏమీ వినబడదు. నార్కట్‌పల్లి దాటి విజయవాడ హైవే ఎక్కి, పంతంగి టోల్ దగ్గర మళ్లీ అద్దం దించేసరికి, పక్కన గోడకు తగిలి తిరిగి వస్తూ టక టక టక అని స్పష్టంగా వినబడుతుంది. కుట్టుమిషన్ వేగంగా తొక్కుతున్నట్టు ఉంటుంది. రేసు ఇస్తే టకటక వేగం పెరుగుతుంది కానీ చప్పుడు తగ్గదు. దిల్‌సుఖ్‌నగర్‌లో గంట ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే సగానికి సగం తగ్గి ఉంటుంది. పికప్పు బాగానే ఉంది. పొగ లేదు. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు వెలగలేదు.

ఒక షెడ్డులో చూపించాను. బానెట్ ఎత్తి అర నిమిషం విని, హైడ్రాలిక్ ట్యాపెట్లు (వాల్వుకు ఒకటి చొప్పున ఉండి దాని సందు సర్దేవి) పోయాయి, పదహారూ మార్చాలి, క్యామ్ షాఫ్టులు (వాల్వులను తెరిపించే కడ్డీలు) కూడా అరిగి ఉంటాయి, 35 వేలు పెట్టుకో, నాలుగు రోజులు బండి వదిలిపెట్టు అన్నారు. ఆ డబ్బు అప్పు చేస్తేనే వస్తుంది. అప్పు చేయడానికి సిద్ధమే, కానీ విప్పాక కూడా చప్పుడు అలాగే ఉంటే ఏం చేయాలి? నిన్న ఒక పెద్దాయన వెనక సీట్లోంచి, బాబూ ఇంజిన్ ఆరోగ్యం బాగాలేనట్టుంది అన్నారు. ఆ మాట నాకు రాత్రంతా గుర్తుంది.

సర్వీసు విషయం: ఆయిలు, ఫిల్టరు నెల క్రితమే రోడ్డు పక్క షాపులో మార్పించాను. అంతకు ముందు దాదాపు 16 వేల కిలోమీటర్లు మార్చలేదు. అది నా తప్పే.


దేవరకొండ డ్రైవర్:

అన్నా, తొందరపడి విప్పించకు. నా పాత బండికీ ఇదే చప్పుడు వచ్చింది. ఆయిల్లో అర లీటరు డీజిల్ పోసి, పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, మొత్తం దించేసి కొత్త ఆయిల్ పోశాను. లోపలి మడ్డి అంతా కరిగి నల్లగా వచ్చేసింది. తర్వాత చప్పుడు లేదు. రెండు వేల లోపే అయిపోతుంది. ముందు అది చేసి చూడు.


జడ్చర్ల పాత మెకానిక్:

మిర్యాలగూడ తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నువ్వు అన్నిటికంటే ముఖ్యమైన మాటను ఆఖర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశావు. చప్పుడు మొదలై మూడు వారాలు, ఆయిలు మార్చి నెల. ట్యాపెట్లు పోయి ఉంటే ఆయిలు మార్చిన వారానికే, అన్నీ కలిసి, అదీ నలభై యాభై కిలోమీటర్లు నడిచాకే ఎందుకు కొడతాయి? అరిగినదాని చప్పుడు మామూలుగా ఇలా వచ్చి పోదు.

నీ బండిలో ఉన్నది ఫియట్ వాళ్ల 1.3 లీటర్ల మల్టీజెట్, 1248 సీసీ. 2007లో స్విఫ్ట్‌లో వచ్చింది, మారుతి 2020లో డీజిల్ బళ్లు ఆపేసేదాకా నడిచింది. టాటా విస్టాలోనూ, ఫియట్ పుంటోలోనూ ఇదే. నా షెడ్డులో ఈ ఇంజిన్లు ఎన్ని విప్పానో లెక్కపెట్టుకోలేదు. మంచి ఇంజిన్. ఒక్క విషయంలో మాత్రం క్షమించదు, అది ఆయిలు.

ట్యాపెట్ అంటే ఏమిటో తెలిస్తే నీ చప్పుడు నీకే అర్థమవుతుంది, అందుకే చెబుతున్నాను. నేను పని నేర్చుకున్నది అంబాసిడర్ల మీద. అప్పుడు ట్యాపెట్ అంటే స్క్రూ, నట్టు. మా గురువుగారు ట్యాపెట్ సందు కొలిచే ఫీలర్ గేజ్ చేతికిచ్చి, 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను) రేకు పెట్టి లాగితే వెన్న మీద కత్తి లాగినట్టు ఉండాలి, అంతకంటే వదులూ వద్దు బిగువూ వద్దు అనేవారు. మారుతి 800కు కూడా స్క్రూ తిప్పి సర్దేవాళ్లం. ఆ సందు లేకపోతే ఇంజిన్ వేడెక్కినప్పుడు వాల్వు మూసుకోదు, ఎక్కువైతే టకటకలాడుతుంది. హైడ్రాలిక్ ట్యాపెట్‌లో ఆ రేకు చేసే పనిని నూనె చేస్తుంది. చిటికెన వేలంత లావుగా ఉండే ఉక్కు డొల్ల, దాని లోపల జారే చిన్న పిస్టన్, పిస్టన్ కింద నూనె నిలిచే గది, ఆ గది నోటికి అడ్డంగా ఒక చిన్న ఉక్కు గోలీ. క్యామ్ నొక్కినప్పుడు గోలీ మూసుకుని నూనె లోపల చిక్కుతుంది. చిక్కిన నూనె కుదించుకుపోదు కాబట్టి ట్యాపెట్ రాయిలా నిలబడి వాల్వును తెరిపిస్తుంది. క్యామ్ వదలగానే లోపలి స్ప్రింగు పిస్టన్‌ను పైకి తోస్తుంది, తగ్గిన నూనె మళ్లీ నిండుతుంది. సందు ఎప్పుడూ సున్నా.

ఒకసారి కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన బండిలో ఒక్క ట్యాపెట్ మొండికేసింది. దాన్ని నేను బల్ల మీద విప్పాను. గోలీ జొన్నగింజ కంటే చిన్నది. దాని చుట్టూ బెల్లం పాకం ఆరినట్టు గోధుమరంగు పొర. గోరుతో గీకితే రాలేదు. ఆ పొర వల్ల గోలీ పూర్తిగా కూర్చోవడం లేదు, నూనె నిలవడం లేదు, అంతే. బల్బు వెలుతురులో పెట్టి చూస్తే ఆ పొర మందం జుట్టు వెంట్రుకంత కూడా లేదు. అంత చిన్న మురికికి ఆ కుటుంబం నెల రోజులు తిరిగింది.

ఇప్పుడు నీ చప్పుడు సంగతి. నూనెలో గాలి బుడగలు ఉంటే ఆ గదిలో చిక్కేది నూనె కాదు, నురగ. నురగ కుదించుకుపోతుంది. అప్పుడు మంచి ట్యాపెట్ కూడా మెత్తబడి కొడుతుంది. నురగ ఎప్పుడు పుడుతుంది? ఆయిలు మరీ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. మరీ ఎక్కువైతే క్రాంక్ షాఫ్టు (పిస్టన్లు తిప్పే అడుగు కడ్డీ) ఆయిల్లో మునిగి చల్ల చిలికినట్టు చిలుకుతుంది. హైవే మీద గంటసేపు పరిగెత్తాక పుట్టి, ఆపి గంట ఉంచితే తగ్గే చప్పుడు అంటే నా అనుమానం ఈ రెండోదాని మీదే. దీనికి ఆయిలు 3 లీటర్లకు కొంచెం పైన పడుతుంది. షాపులో ఎంత పోశారు?

రేపు చేయవలసింది ఇది. హైవే మీద నడిపి వచ్చాక చదునైన చోట ఆపి, పది నిమిషాలు ఆగి, ఆయిలు మట్టం చూసే గేజీ పుల్ల తుడిచి పెట్టి తీసి చూడు. పై గీత దాటి ఎంత ఉందో చూడు. గేజీ మీద బుడగలు ఉన్నాయా, ఆయిలు టీ నురగలా పాలిపోయి ఉందా చూడు. వేళ్ల మధ్య రుద్ది వాసన చూడు, డీజిల్ వాసన వస్తే నాకు వెంటనే చెప్పు, అది వేరే జబ్బు. ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) కారి డీజిల్ ఆయిల్లో కలుస్తున్నా గేజీలో మట్టం పెరుగుతుంది, అప్పుడు బండి నడపకూడదు.

దేవరకొండ తమ్ముడికి ఒక మాట. నీ బండికి మేలు జరిగింది, సంతోషం. ఇంకొకరికి మాత్రం చెప్పవద్దని బతిమాలుకుంటున్నాను. 16 వేలు ఆయిలు మార్చని బండిలో మడ్డి గట్టిగా పట్టి ఉంటుంది. డీజిల్ పోస్తే అది మొత్తం కరగదు, పెచ్చులుగా ఊడుతుంది. ఊడిన పెచ్చులు నేరుగా సంపు (ఇంజిన్ కింద ఆయిలు నిలిచే తొట్టి) అడుగున ఉన్న జాలీకి వెళ్లి అతుక్కుంటాయి. అలా చేసి వచ్చిన బండిని నేను చూశాను. అడ్డాకుల దగ్గర ఆయిల్ లైటు వెలిగితే, ఇంకొక పది కిలోమీటర్లే కదా అని నడిపారు. సంపు విప్పితే జాలీ కనబడలేదు, దాని మీద తారు ముద్ద కనబడింది. బేరింగులు రాగి రంగు తేలి, క్రాంక్ షాఫ్టు గీతలు పడిపోయింది. పైగా డీజిల్ కలిసిన ఆయిలు పలచబడుతుంది, ఆ పది నిమిషాలూ టర్బోకు, బేరింగులకు కాపుదల తగ్గిపోతుంది. మంచి ఆయిలు పోసి తక్కువ దూరానికే మార్చడమే మడ్డిని మెల్లగా కడిగే పద్ధతి. అది ఆలస్యమే, కానీ ఇంజిన్ మిగులుతుంది.


నల్లగొండ గడియారం సెంటర్:

నేను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెబుతాను. పైన పెద్దాయన చెప్పినదానికి ఒక పరీక్ష చేర్చాలనుకుంటున్నాను, ఎందుకంటే డీజిల్ బండిలో ట్యాపెట్ చప్పుడనుకునేది చాలాసార్లు ఇంజెక్టర్ చప్పుడు అవుతుంది.

క్యామ్ షాఫ్టు క్రాంక్ షాఫ్టులో సగం వేగంతో తిరుగుతుంది. ఐడిల్‌లో ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే ఒక్కొక్క వాల్వు 400 సార్లు తెరుచుకుంటుంది, అంటే సెకనుకు ఆరేడు దెబ్బలు. కనెక్టింగ్ రాడ్ బేరింగు కొడితే దెబ్బలు ఇంతకు రెట్టింపు వేగంగా, బరువుగా, కింది నుంచి వస్తాయి. కాబట్టి లెక్కను బట్టి అడుగు చప్పుడును వేరు చేయవచ్చు. కానీ ఇంజెక్టర్‌ను వేరు చేయలేం. అది కూడా రెండు చుట్లకు ఒక విడతే ఇంధనం చిమ్ముతుంది కనుక దాని లయ కూడా వాల్వు లయే. మా విద్యార్థులు ఎప్పుడూ ఇక్కడే పొరబడతారు.

వేరు చేయడానికి వాలు రోడ్డు కావాలి. మీకు దగ్గర్లో నాగార్జునసాగర్ ఉంది. హిల్ కాలనీ నుంచి పైలాన్ కాలనీకి దిగే రోడ్డు మీద, ఇంజిన్ వేడెక్కి చప్పుడు వస్తున్నప్పుడు, బండిని మూడో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీయండి. క్లచ్ నొక్కవద్దు. ఇంజిన్ దాదాపు 2000 చుట్ల మీద ఉండగా కాలు తీస్తే కంప్యూటర్ ఇంజెక్షన్ పూర్తిగా ఆపేస్తుంది. సిలిండర్లలో మంట ఉండదు, వాల్వులు మాత్రం చక్రాల బలంతో తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంటాయి. కాలు తీయగానే చప్పుడు తెగిపోతే అది ఇంజెక్టరు వైపుది. అలాగే కొనసాగితే వాల్వుల వైపుది. అద్దాలు దించి, వెనక బళ్లు లేనప్పుడు చేయండి.

పొడవైన స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి, కొసను ట్యాపెట్ కవరు మీద ఒక్కొక్క సిలిండర్ దగ్గర పెట్టి వినవచ్చు. ఫ్యాను బెల్టు వైపు చేతులు, కండువా పోకుండా చూసుకోండి. ఇంకొక హెచ్చరిక ముఖ్యం. పాత డీజిల్ ఇంజిన్లలో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండరో కనిపెట్టేవారు. మీ బండిలాంటి కామన్ రైల్ ఇంజిన్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందేది) నడుస్తుండగా ఆ పైపులను ముట్టుకోకూడదు. అందులో ఒత్తిడి వెయ్యి బార్లు కూడా దాటవచ్చు, కంటికి కనబడని ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది.


వాడపల్లి రోడ్డు, మిర్యాలగూడ:

ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. చెప్పినట్టే చేశాను, ఒక్కొక్కటీ రాస్తున్నాను.

నిన్న చౌటుప్పల్ దాకా వెళ్లి వచ్చి, పది నిమిషాలు ఆగి గేజీ తీశాను. ఆయిలు పై గీత దాటి దాదాపు వేలెడు వెడల్పు పైన ఉంది. గేజీ అంచు వెంట సన్నని బుడగలు వరుసగా ఉన్నాయి, చూస్తుండగానే ఒక్కొక్కటి పగులుతున్నాయి. ఇన్నేళ్లుగా గేజీ తీస్తున్నాను, ఆయిలు ఉందా లేదా అనే చూశాను తప్ప ఎక్కువ ఉందా అని ఎప్పుడూ చూడలేదు. డీజిల్ వాసన లేదు, మా తమ్ముడితో కూడా వాసన చూపించాను. బిల్లు వెతికి తీశాను. నాలుగు లీటర్ల డబ్బా అని ఉంది. ఆ కుర్రవాడు మిగిలించడం ఎందుకన్నా అని మొత్తం పోసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గ్రేడు 15డబ్ల్యూ-40, ట్రాక్టర్లకు పోసే రకం.

సాగర్ వాలు దగ్గర పరీక్ష కూడా చేశాను. హాలియా మీదుగా వెళ్లేసరికి చప్పుడు బాగా వస్తోంది. కాలు తీశాక కూడా ఆగలేదు. మంట చప్పుడు తగ్గి, టకటక మాత్రమే మిగిలి ఇంకా స్పష్టంగా వినబడింది. అంటే వాల్వుల వైపే.

సాయంత్రం గేజీ గొట్టంలోకి సన్నని పైపు దించి, మా ఇంట్లో గేదెకు మందు పోసే 50 ఎంఎల్ సిరంజి కొత్తది ఒకటి తెచ్చి ఆయిలు లాగాను. పదిహేను సార్లు లాగితే పై గీతకు కొంచెం కిందికి వచ్చింది. తీసిన ఆయిలు సీసాలో పోసి కిటికీలో పెట్టాను. పొద్దున్నకు పైన అర అంగుళం నురగ పొర కనబడుతోంది.

ఇవాళ మళ్లీ హైదరాబాద్ వెళ్లి వచ్చాను. పంతంగి దగ్గర అద్దం దించాను. ఆ టకటక లేదు! టోల్ గేటు లేచేదాకా చెవి పెట్టి విన్నాను. వెనక హారన్ కొట్టారు, అయినా కాసేపు కదలలేదు.

ఒకటి మాత్రం మిగిలింది. పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడు రెండు మూడు సెకన్లు ఉండే పాత టిక్ టిక్ ఇప్పుడు పదిహేను ఇరవై సెకన్లు ఉంటోంది. ఒక్కచోటి నుంచే వస్తోంది. స్క్రూడ్రైవర్ పెట్టి వింటే మూడో సిలిండర్ దగ్గర గట్టిగా ఉంది. ఇప్పుడు విప్పాలా?


జడ్చర్ల పాత మెకానిక్:

తమ్ముడూ, పదిహేను సిరంజిలు అంటే ముప్పావు లీటరు. అంత ఎక్కువ ఆయిలుతో నెల రోజులు నడిచినా ఇంజిన్ నిలబడింది. నువ్వు శ్రద్ధగా విన్నావు కాబట్టే దొరికింది. 35 వేలు జేబులోనే ఉంచుకో.

పొద్దుటి చప్పుడుకు ఇంకా విప్పవద్దు. 15డబ్ల్యూ-40 చిక్కటి ఆయిలు. రాత్రంతా ట్యాపెట్లలోంచి కారి కిందికి దిగుతుంది. పొద్దున చల్లగా, చిక్కగా ఉన్న ఆయిలు సన్నటి దారుల్లోంచి పైకి ఎక్కడానికి సమయం తీసుకుంటుంది. అందులో మూడో సిలిండర్ దగ్గరి గోలీకి పొర కూడా ఉంటే అది అందరికంటే ఆలస్యంగా నిండుతుంది. కాబట్టి ఈ ఆయిలు పూర్తిగా దించెయ్. మాన్యువల్‌లో రాసిన గ్రేడు, మంచి కంపెనీది, కొలిచి పోయించు. ఫిల్టరు కూడా మార్చు. నెల క్రితమే మార్చాను కదా అనుకోవద్దు.

ఆయిలు దించేటప్పుడే ఇంకొకటి చేయించు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి, దాని చోట ఒత్తిడి గేజ్ బిగించి కొలిపించు. షెడ్డులో ఆ గేజ్ లేదంటే ఆ షెడ్డు నుంచి వచ్చేయ్. లైటు వెలగలేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. చాలా బళ్లలో ఒత్తిడి అర బార్ దగ్గరికి పడిపోయాకే ఆ లైటు వెలుగుతుంది, అప్పటికి ట్యాపెట్లు ఎప్పుడో ఆకలితో ఉంటాయి. బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఒక బార్ ఉండాలి, వెయ్యి చుట్లకు 10 పీఎస్ఐ (దాదాపు 0.7 బార్) చొప్పున పెరగాలి. ఇది నేను ఎన్నో ఏళ్లుగా నమ్ముకున్న లెక్క. ఒత్తిడి తక్కువైతే ట్యాపెట్లు కొత్తవి వేసినా కొడతాయి. నీ షెడ్డు వాళ్లు ఇది కొలవకుండా పదహారూ మార్చాలన్నారు చూడు, నాకు బాధ అక్కడే. వాళ్లు మోసం చేశారని అనను, విని చెప్పారు. వినడం ఒక్కటే చాలదు.

కొత్త ఆయిలు పోసి, ఇంజిన్ వేడెక్కాక ఐదు నిమిషాలు 2000, 2500 చుట్ల మధ్య ఉంచు. లోపల చిక్కిన గాలి బయటికి పోతుంది. తర్వాత మామూలుగా నడుపు. మడ్డి కరిగే కొద్దీ ఆయిలు తొందరగా నల్లబడుతుంది, భయపడకు. 3 వేలకు దాన్ని దించి మళ్లీ పోయించు. ఖర్చే, కానీ ఇంజిన్ విప్పే ఖర్చులో పదో వంతు.

అప్పటికీ మూడో సిలిండర్ దారికి రాకపోతే విప్పుదాం. విప్పించేటప్పుడు నువ్వు దగ్గర ఉండు, ఈ నాలుగు విషయాలు కళ్లారా చూడు. క్యామ్ షాఫ్టులను కదలకుండా పట్టి ఉంచే పిన్నులు ఉన్న మెకానిక్కే చెయ్యి వేయాలి. ఇది చెయిన్ బండి, అంటే క్యామ్‌లను తిప్పేది చెయినే, టైమింగు ఒక పన్ను తప్పినా వాల్వులు పిస్టన్లకు తగలవచ్చు. తీసిన ట్యాపెట్లు ఏ రంధ్రంలోంచి వచ్చింది ఆ రంధ్రంలోకే వెళ్లాలి. మేము కోడిగుడ్ల అట్టలో సిలిండర్ నంబర్లు రాసి పెడతాం, లోపలి గాలి వాల్వుది ఒక వరుస, పొగ వాల్వుది ఒక వరుస. ఒక్కొక్కటి బొటనవేలితో నొక్కి చూడాలి. నూనె నిండిన మంచి ట్యాపెట్ రాయిలా ఉంటుంది. పాడైనది తడి మట్టిలా దిగిపోతుంది. దాని మీద కూర్చునే వేలి లాంటి రాకర్‌కు చిన్న రోలర్ ఉంటుంది, దాన్ని తిప్పి, చెవి దగ్గర పెట్టి గరగర ఉందా చూడాలి. క్యామ్ మీద గుంటలు ఉంటే అసలు కథ వేరు.

1,74,000 తిరిగిన ఇంజిన్‌లో పైభాగం ఎలాగూ విప్పాక ఒక్కటే మార్చి మూయడం నాకు ఇష్టం ఉండదు. మిగతా పదిహేనూ అదే ఆయిల్లో అంతే కాలం బతికినవి. అప్పుడు పదహారూ మార్చు అని నేనే చెబుతాను.

బిగించాక చేసే పొరపాటు ఒకటి ఉంది, దానివల్ల ఇంజిన్లు పోయాయి. ట్యాపెట్లను బల్ల మీద నూనెలో ముంచి నొక్కి నొక్కి గాలి తీసి నింపి పెడతారు, అది మంచిదే. కానీ అవి నిండుగా పొడవు సాగి ఉంటాయి. క్యామ్ బిగించగానే అవి కొన్ని వాల్వులను కొంచెం తెరిచి పట్టుకుంటాయి. వెంటనే సెల్ఫ్ కొడితే పిస్టన్ వచ్చి ఆ వాల్వును గుద్దుతుంది. కనీసం అరగంట ఆగాలి. ఆ అరగంటలో అదనపు నూనె మెల్లగా కారి ట్యాపెట్ తన ఎత్తుకు తాను దిగుతుంది. తర్వాత క్రాంక్ నట్టుకు పానా వేసి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయకూడదు. నేను ఆ అరగంట టీ తాగడానికి వెళ్తాను, షెడ్డులో తాళం నా జేబులో పెట్టుకుని.


దేవరకొండ డ్రైవర్:

జడ్చర్ల అన్నా, అడ్డాకుల బండి సంగతి చదివాక నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. నా బండిలో మడ్డి తక్కువ కాబట్టి బతికిపోయింది. ఇంకెవరికీ చెప్పను. మిర్యాలగూడ అన్నా, నువ్వు ఆ పని చేయనందుకు చాలా సంతోషం.


వాడపల్లి రోడ్డు, మిర్యాలగూడ:

కొన్ని వారాలు అయింది, ఎదురుచూసే వాళ్లకు చెప్పాలి కదా అని వచ్చాను.

నల్లగొండలో గేజ్ ఉన్న షెడ్డు దొరికింది. వేడి మీద ఐడిల్‌లో ఒక బార్ పైన చూపించింది, 3000 చుట్లకు మూడు బార్లు దాటింది. ముల్లు పైకి లేస్తుంటే నా గుండె కూడా లేచింది, నిజం చెబుతున్నాను. ఆయిలు నేను నిలబడి కొలిచి పోయించాను, డబ్బాలో మిగిలింది ఇంటికి తెచ్చుకున్నాను. 2,900 కిలోమీటర్లు తిరిగాను. ఆయిలు వారం లోపే నల్లబడింది, మీరు ముందే చెప్పారు కాబట్టి కంగారుపడలేదు. పొద్దుటి చప్పుడు మొదట పది సెకన్లకు, తర్వాత ఐదుకు, ఇప్పుడు రెండు సెకన్లకు వచ్చింది. పంతంగి దగ్గర ఒక్కసారి కూడా మళ్లీ రాలేదు. ఆ పెద్దాయనను మొన్న మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. చౌటుప్పల్ దాటాక, ఇంజిన్ కోలుకుందే అన్నారు. ఆయనకు అంతా చెప్పాను, శ్రద్ధగా విన్నారు.

రేపు రెండోసారి ఆయిలు మారుస్తున్నాను. ఈ రెండు సెకన్ల కోసం విప్పించాలా, వదిలేయాలా?


జడ్చర్ల పాత మెకానిక్:

వదిలేయ్ తమ్ముడూ. రాత్రంతా నిలబడిన బండికి రెండు సెకన్లు తప్పు కాదు.

రేపు పాత ఫిల్టరు పారేయవద్దు. కాగితాన్ని బ్లేడుతో కోసి, మడతలు విప్పి, ఎండలో పరిచి చూడు. నల్లటి మెత్తటి మసి ఉంటే మంచిదే, కడిగిన మడ్డి అది. మెరిసే రేణువులు కనబడితే అయస్కాంతం పెట్టి చూడు. అతుక్కుంటే ఉక్కు, అతుక్కోకపోతే బేరింగుల నుంచి వచ్చింది కావచ్చు. ఏది కనబడినా ఫోటో తీసి ఇక్కడ పెట్టు, రాత్రి షెడ్డు మూశాక చూస్తాను.